పడిన చెయ్యి, కట్టిన చెయ్యి

ఎముకల వార్డులో పిల్లల కేస్‌షీట్లు తిరగేస్తే ఒక మాట పదేపదే తగులుతుంది: సెల్ఫ్ ఫాల్. తనంతట తానే పడ్డాడు. ఎవరూ కొట్టలేదు, ఏ బండీ గుద్దలేదు, పోలీసులకు కబురు పెట్టాల్సిన పని లేదు. ఆ మాటకున్న బాధ్యత అంతవరకే. చింతచెట్టు మీంచి పడ్డాడా, మిద్దె మీంచి పడ్డాడా, కాళ్ల కింద చక్రాలు పెట్టుకుని పడ్డాడా అన్నది అందులో కనబడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక పదో కూర్పులో మాత్రం వీటన్నిటికీ వేరువేరు గదులున్నాయి. చెట్టు మీంచి పడితే డబ్ల్యూ14. స్కీలు, రోలర్ స్కేట్లు, స్కేట్‌బోర్డుల మీంచి పడితే డబ్ల్యూ02. ఎట్లా పడ్డాడో ఎవరూ రాసుకోకపోతే డబ్ల్యూ19. మన పిల్లలు చెట్టు మీంచి పడినా, చక్రాల మీంచి పడినా చివరికి పడేది డబ్ల్యూ19లోనే.

పిల్లలూ, ఎదిగే కుర్రాళ్లూ స్కేట్‌బోర్డు మీద తెచ్చుకునే గాయాల గురించి ప్రపంచానికి ఏం తెలుసు, అందులో అనంతపురం మెట్టకు పనికొచ్చేది ఎంత అని వెతకబోతే మొదటి చిక్కు ఇదే. అమెరికాలో ఎంపిక చేసిన ఓ వంద ఆసుపత్రుల అత్యవసర విభాగాల్లో ఏ వస్తువు వల్ల ఏ గాయమైందో 1970ల నుంచీ రాసి పెడుతున్నారు. కెనడా పిల్లల ఆసుపత్రుల్లో అలాంటి పని 1990లో మొదలైంది. మనకు అలాంటి చిట్టా లేదు. అందుకని ఈ వ్యాసంలో అంకెలు ఎక్కువగా సముద్రాల అవతలివి, చేతులు మాత్రం ఇక్కడివి.

స్కేట్‌బోర్డు ఇక్కడ ఇంకా అరుదైన వస్తువే. వేసవి సెలవుల్లో అనంతపురం పట్నంలో చక్రాల మీద కనిపించే పిల్లల కాళ్లకు ఉండేవి చాలావరకు రోలర్ స్కేట్లు. బోర్డు అయితే ఆన్‌లైన్‌లో బుక్ చేసిన అట్టపెట్టెలో ఇంటికొస్తుంది. నేర్పేవాళ్లు రారు, ఫోన్‌లో వీడియో వస్తుంది. అయినా చక్రాలెక్కి పల్లానికి జారాలన్న కోరిక ఆ అట్టపెట్టెతో ఊడిపడింది కాదు. మా చిన్నప్పుడు బేరింగు బండ్లుండేవి. లారీ షెడ్డులో పారేసిన పాత బేరింగులు మూడు, ఒక చెక్కపలక, ముందు అడ్డంగా ఒక కట్టె, దాన్ని తిప్పేందుకు తాడు. బ్రేకు అంటే మడమే. గరగరమంటూ వీధంతా దద్దరిల్లేది. మధ్యాహ్నం కునుకు తీసే ముసలివాళ్ల తిట్లు ఆ చప్పుడుకు తాళం.

ఆ బండి మీదే పదకొండో ఏట నేను పడినాను. చిన్న గులకరాయి ఒకటి బేరింగుకు అడ్డం పడింది. బండి అక్కడే నిలిచిపోయింది, నేను నిలవలేదు.

ఆ గులకరాయి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, స్కేట్‌బోర్డు చరిత్రంతా దాని చుట్టూనే తిరిగింది గనుక. 1960లలో అమెరికాలో అమ్మిన బోర్డులకు మట్టి కలిపి చేసిన గట్టి చక్రాలుండేవి. చిన్న రాయి తగిలినా చక్రం బిగుసుకుపోయేది, పిల్లవాడు ముందుకు ఎగిరిపడేవాడు. 1965 మే నెలలో లైఫ్ పత్రిక స్కేట్‌బోర్డును ముఖచిత్రానికెక్కించి, దాన్ని మోజుగానూ ముప్పుగానూ చూపింది. వైద్యులూ అదే ఏడాది గోల పెట్టారు. కొన్ని ఊళ్లు నిషేధించాయి, మోజు చల్లారింది. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్తీ అనే కుర్రాడు పాలీయురెథేన్ చక్రాలు తెచ్చాడు. ఆ చక్రం మెత్తగా రాయిని ఎక్కి దిగుతుంది. దాంతో ఆట మళ్లీ లేచింది, వేగం పెరిగింది, గాయాల తీరు మారింది. ఈ లెక్కన మా బేరింగు బండి ఆ చక్రానికి ముందు కాలంలోనే ఆగిపోయింది: ఉక్కు చక్రం, గులకరాయి, మణికట్టు.

నార్వే ఇంకో అడుగు వేసి 1978లో స్కేట్‌బోర్డును అమ్మకూడదు, వాడకూడదు అంది. నిషేధం 1989 దాకా నడిచింది. ఆ పదకొండేళ్లూ అక్కడి పిల్లలు అడవుల్లోకి పోయి చాటుగా ర్యాంపులు కట్టుకున్నారు. నిషేధించిన ఆట ఎక్కడికీ పోదు, ఆసుపత్రికి ఇంకాస్త దూరం జరుగుతుందంతే.

ఇక అంకెలు. అమెరికాలో 1990 నుంచి 2008 దాకా 5–19 ఏళ్ల పిల్లల గాయాలను లెక్కగట్టిన పెద్ద పరిశీలన ఒకటి 2016లో అచ్చయింది. ఏడాదికి సగటున దాదాపు 64,500 మంది స్కేట్‌బోర్డు గాయాలతో అత్యవసర విభాగాలకు వచ్చారు. నూటికి 89 మంది మగపిల్లలు. సగటు వయసు 13. గాయాల్లో దాదాపు 45 శాతం భుజం నుంచి వేళ్ల దాకా, అంటే చేతికే. ఎముక విరగడమో కీలు తొలగడమో 31 శాతం. ఆసుపత్రిలో చేర్చుకోవాల్సి వచ్చింది నూటికి ముగ్గురినే. స్వీడన్‌లోని ఉమియో పట్టణంలో 1990ల చివర 139 మందిని పరిశీలించినప్పుడూ సగటు వయసు 16, విరుపులు నూటికి 29. దేశాలు వేరైనా బొమ్మ ఒకటే: పదమూడు పదహారేళ్ల పిల్లవాడు, విరిగిన మణికట్టు, సాయంత్రానికి ఇల్లు.

ఈ అంకెలు విని తల్లిదండ్రులు బెదిరే ముందు మరో లెక్క చెప్పాలి. 1998లో అమెరికాలో ఆడేవాళ్ల సంఖ్యతో గాయాలను భాగించి చూశారు. వెయ్యిమంది స్కేట్‌బోర్డర్లకు సుమారు 9 గాయాలు, ఇన్‌లైన్ స్కేటర్లకు 4, బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లకు 21. బాస్కెట్‌బాల్ కోర్టు కావాలని కలెక్టరుకు అర్జీ పెట్టే ఊరు స్కేట్‌బోర్డును చూసి భయపడటంలో అర్థం లేదు. కాకపోతే గాయం ఎన్నిసార్లు అన్నదొక్కటే చూస్తే చాలదు, ఎంత లోతున అన్నదీ చూడాలి. పెద్ద గాయాలకు మాత్రమే పట్టీలుంచే అమెరికా ట్రామా కేంద్రాల సమాచారంలో, పదేళ్లలోపు పిల్లల కంటే పదహారు దాటిన వాళ్లకే మెదడు గాయాలు ఎక్కువగా కనిపించాయి. చిన్నవాడు మెల్లగా పోతూ పడతాడు. పెద్దవాడు వేగంగా పోతూ పడతాడు, పైగా నడిరోడ్డు మీద పడతాడు. కెనడాలో పొడుగు బోర్డుల మీద కొండవాలు దిగే కుర్రాళ్లలోనూ తలలోపలి గాయాలు మామూలు బోర్డుల వాళ్ల కంటే ఎక్కువ.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన సంగతులు రెండున్నాయి. రెండూ అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం ఎప్పటినుంచో చెబుతున్నవే. గాయపడ్డవాళ్లలో మూడోవంతు మంది బోర్డు ఎక్కి వారం కూడా కానివాళ్లు. పడి గాయపడ్డవాళ్లలో సగానికి పైగా నేల సమంగా లేక, అంటే గుంటో రాయో తగిలి పడినవాళ్లు. మొదటి వారం, నేల. ఈ రెండిటినీ అనంతపురం మీద పెట్టి చూడండి.

మన ఊళ్లలో పిల్లలకు దొరికే నున్నటి నేల సీసీ రోడ్డు ఒక్కటే. ఆ రోడ్డు మీద ఇల్లు కట్టేవాళ్ల ఇసుక, కంకర ఉంటాయి. శనక్కాయల కాలంలో ఆరబోసిన కట్టె ఉంటుంది. గాలి లేచిందంటే చేలల్లోని ఎర్రమట్టి సన్నటి పొరలా పరుచుకుంటుంది, చక్రానికి అదే నూనె. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లు పడే వాన ఆ మట్టిని కడిగిపోయేది ఎన్నిసార్లని? స్పీడు బ్రేకర్ అని ఎవరింటి ముందు వాళ్లు పోసుకున్న సిమెంటు దిబ్బలు సరేసరి. ఇక మొదటి వారం సంగతి: పక్కన నిలబడి చెయ్యి పట్టుకునేవాళ్లు లేకుండా, వీడియో చూసి నేర్చుకునే పిల్లవాడికి ప్రతి వారమూ మొదటి వారమే.

అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2002లో ఇచ్చిన సలహాలో అయిదేళ్లలోపు పిల్లలను స్కేట్‌బోర్డు ఎక్కనివ్వొద్దని, అయిదు నుంచి పది దాకా పెద్దవాళ్లు పక్కనే ఉండాలని ఉంది. చిన్న పిల్లల తల ఒంటితో పోలిస్తే బరువెక్కువ, చేతులు అడ్డం పెట్టుకునే చురుకు తక్కువ, తనకు ఎంత చేతనవునో అంచనా మరీ తక్కువ. మా అవ్వ భాషలో చెప్పాలంటే, "వానికి కాళ్లు ముందు పోతాయి, బుద్ధి వెనకాల వస్తుంది." అదే సలహాలో ట్రాఫిక్ దగ్గర ఆడొద్దన్న మాటా, నడుస్తున్న బండి పట్టుకుని జారొద్దన్న మాటా ఉన్నాయి. ట్రాక్టరు ట్రైలరు వెనకాల వేలాడటం మన పల్లెపిల్లలకు కొత్తా?

తొడుగుల విషయానికొస్తే అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఇన్‌లైన్ స్కేటింగ్ నుంచి దొరుకుతుంది. మన పట్నాల్లో స్కేటింగ్ అంటే ఎక్కువగా అదే కాబట్టి మనకు మరీ దగ్గర. 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఆ అధ్యయనంలో మణికట్టు తొడుగు లేనివాళ్లకు మణికట్టు గాయం వచ్చే అవకాశం తొడుగున్న వాళ్లకంటే పదింతలు. మోచేతి తొడుగు లేకపోతే మోచేతి గాయం తొమ్మిదింతల పైనే. మొత్తం గాయాల్లో నాలుగోవంతు మణికట్టు విరుపులు. ఇంతా చేసి దుకాణంలో అమ్మే సెట్టులో పిల్లలు ముందు విప్పి పారేసేది ఆ మణికట్టు తొడుగునే. చెమట పడుతుంది, ఫోను పట్టుకోవడానికి అడ్డం. నా మాట అడిగితే డబ్బు తక్కువైనప్పుడు మోకాలి తొడుగు మానెయ్యండి. మోకాలి చర్మం మళ్లీ వస్తుంది.

తల విషయంలో మాత్రం బేరం లేదు. స్కేట్‌బోర్డు హెల్మెట్ మీద విడిగా జరిగిన అధ్యయనాలు తక్కువే. సైకిళ్ల మీద జరిగిన పరిశీలనలన్నీ కూర్చి చూసిన కోక్రేన్ సమీక్ష ప్రకారం తల, మెదడు గాయాలు 63 నుంచి 88 శాతం దాకా తగ్గాయి. సైకిల్ హెల్మెట్ చాలావరకు ఒక్క దెబ్బకే పనికొస్తుంది, లోపలి నురుగు నలిగిందంటే దాని పని అయిపోయినట్టే. స్కేటింగ్‌లో రోజుకు పదిసార్లు పడతారు కాబట్టి మళ్లీ మళ్లీ దెబ్బ తట్టుకునేట్టు చేసినవి వేరే ఉంటాయి. ఇవన్నీ చదువుకున్న తండ్రి కూడా కొట్లో చేసే పని ఒకటుంది: "పెరిగే పిల్లోడు కదప్పా, ఒక సైజు పెద్దదియ్యి." చొక్కాకు చెల్లే ఈ తెలివి హెల్మెట్‌కు చెల్లదు. వదులుగా ఉన్నది పడేలోపే వెనక్కి జారుతుంది. బ్రిటన్ తరఫున ఆడే స్కేట్‌బోర్డరు స్కై బ్రౌన్ 2020లో, పన్నెండేళ్ల వయసులోపే, సాధనలో ఎత్తు నుంచి పడింది. తలకు హెల్మెట్ ఉండగానే కపాలం చిట్లింది, ఎడమ మణికట్టు విరిగింది. మరుసటి ఏడాది టోక్యో ఒలింపిక్స్‌లో కంచు పతకం తీసుకుంది. హెల్మెట్ లేకుంటే ఈ చివరి వాక్యం రాసే పని ఉండేది కాదు.

ఇంతవరకూ ప్రపంచం చదివింది పడే క్షణాన్ని. అనంతపురంలో అసలు కథ పడిన తర్వాతే మొదలవుతుంది. ఈ విషయం మీద నాకున్న పట్టుదలంతా ఇక్కడే.

బేరింగు బండి మీంచి పడిన నన్ను అబ్బ సైకిలు మీద కూర్చోబెట్టుకుని పక్క ఊర్లో కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకుపోయినాడు. ఆయన చెయ్యి నిమిరినాడు, ఆకుపసరు పూసినాడు, కోడిగుడ్డు తెల్లసొనలో తడిపిన గుడ్డ చుట్టినాడు, వెదురు బద్దలు పెట్టి కట్టినాడు. మూడు వారాలకు చెయ్యి మామూలైపోయింది. ఆ ఏడాదే మా చిన్నాయన కొడుకు అదే బండి మీంచి మోచేతి మీద పడినాడు. అదే మనిషి, అదే కట్టు. రాత్రంతా అబ్బోడు ఏడిచినాడు. "కట్టు బిగిస్తే నొప్పి ఉండదా నాయనా, ఓర్చుకో" అన్నారు అందరూ. తెల్లారికి వేళ్లు ఉబ్బి నల్లబడినాయి. ఈనాటికీ వాని చెయ్యి పూర్తిగా విప్పుకోదు, వేళ్లు పక్షిగోళ్లలా లోపలికి వంగే ఉంటాయి.

ఒకే చేతివాటం ఒకరిని బాగు చేసి ఇంకొకరిని ఎందుకు చెరిచింది? దానికి జవాబు నాకు చాలా ఏళ్ల తర్వాత ఇంగ్లండు నుంచి దొరికింది. పిల్లల మణికట్టు దగ్గర ఎముక చాలాసార్లు పూర్తిగా విరగదు, పచ్చికొమ్మలా వంగుతుంది, ఒకవైపు నొక్కుకుని ఉబ్బుతుంది. ఇలాంటి నొక్కు విరుపులున్న 965 మంది పిల్లల మీద 23 ఆసుపత్రుల్లో జరిపిన పరిశోధన 2022లో లాన్సెట్‌లో వచ్చింది. కొందరికి గట్టి పట్టీ, మరికొందరికి ఉత్త మెత్తటి గుడ్డకట్టు. నొప్పిలోనూ, కోలుకోవడంలోనూ తేడా లేదు. అంటే నా మణికట్టును బాగు చేసింది వెదురు బద్దా కాదు, పసరూ కాదు, నా పదకొండేళ్లు. కట్టు కట్టే ఆయనకు దక్కిన పేరు నా ఎముకది. ఊరిలో విరిగే పిల్లల చేతుల్లో ఇలాంటివే ఎక్కువ కాబట్టి ఆయన పేరుకు తిరుగులేకుండా పోయింది.

మోచేయి అట్లా కాదు. అయిదు నుంచి ఏడేళ్ల వయసులో, చాచిన చేతి మీద పడినప్పుడు, మోచేతికి కాస్త పైన దండచేతి ఎముక విరుగుతుంది. పిల్లల మోచేతి విరుపుల్లో ఎక్కువగా వచ్చేది ఇదే. దాని ముందునుంచే చేతికి రక్తం తీసుకుపోయే పెద్ద నాళం పోతుంది. విరిగిన మొన దాన్ని నొక్కవచ్చు, వాపు నొక్కవచ్చు. దాని మీద బిగుతు కట్టు పడితే కండకు నెత్తురు అందదు. ఆరేడు గంటల్లో కండ చావడం మొదలవుతుంది, తర్వాత అది నారలా బిగుసుకుని వేళ్లను లాగేస్తుంది. ఈ వంకరను 1881లో జర్మన్ వైద్యుడు రిచర్డ్ ఫాన్ ఫోల్క్‌మాన్ వివరించి, బిగుతు కట్లనే తప్పుపట్టాడు. విచిత్రమేమిటంటే తిరుపతి–చెన్నై దారిలోని పుత్తూరు పక్కన ఈశ్వరాపురంలో కేశవరాజు పుత్తూరు కట్టు మొదలుపెట్టింది కూడా 1881లోనేనని చెబుతారు.

పుత్తూరు కట్టు అన్న బోర్డు రాయలసీమలో ఎక్కడైనా కనిపిస్తుంది. అసలు పుత్తూరులో తరాలుగా చేయి తిరిగినవాళ్ల సంగతి వేరు, బోర్డు మీద పేరు మాత్రమే తెచ్చుకున్నవాళ్ల సంగతి వేరు. జనం అక్కడికే ఎందుకు పోతారో నాకు అర్థం కాకపోలేదు. పెద్దాసుపత్రికి పోతే ఒక పూట బస్సు, ఇద్దరి కూలి, ఎక్స్‌రే క్యూ, రేపు రమ్మనడం. పేదలకు ఖరీదైన వైద్యం ఉచితంగా అందించే ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న తొలిసారి మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. బత్తలపల్లిలో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీ ఆసుపత్రి ఉంది, అనంతపురంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అయినా చెయ్యి విరిగితే మొదట నోటికొచ్చే మాట "కట్టు కట్టిద్దాం పా". ఆ మాటను ఉపన్యాసాలతో మార్చలేం. కట్టు కట్టేవాళ్లకే మూడు సంగతులు నేర్పితే సగం చేతులు దక్కుతాయి: మోచెయ్యి దగ్గర వాపుంటే ముట్టుకోకుండా పంపించెయ్యాలి. ఎముక చర్మాన్ని చీల్చి కనిపిస్తే కట్టకూడదు. కట్టిన రాత్రి పిల్లవాడు ఏడిస్తే, వేళ్లు చల్లబడితే, తిమ్మిరెక్కితే, వేలు చాపబోతే కెవ్వుమంటే, ఉదయం దాకా ఆగకుండా కట్టు కోసెయ్యాలి. ఓర్చుకోమనడం ఆ రాత్రి చెప్పకూడని మాట.

ఎదుగుదల పలక సంగతీ ఇంతే. పిల్లల పొడుగాటి ఎముకల కొనల్లో మెత్తటి పలకలుంటాయి, ఎముక పెరిగేది అక్కడే. విరుపు ఆ పలకలోంచి పోతే, సరిగ్గా కూర్చోబెట్టకపోతే, చెయ్యి పొట్టిదో వంకరదో కావచ్చు. అది వెంటనే కనిపించదు, రెండేళ్లకు బయటపడుతుంది. అప్పటికి ఎవరూ బండినీ గుర్తుపెట్టుకోరు, కట్టునూ గుర్తుపెట్టుకోరు, జాతకాన్ని తప్ప.

తల దెబ్బకు మన ఇళ్లలో జరిగే వైద్యం మరీ అన్యాయం. గాయం మీద కాఫీపొడి, నుదుటి మీద పసుపు, "నిద్రపోనియ్యొద్దండి" అని ఒక సలహా. మెలకువగా ఉంచినంత మాత్రాన తలలో నెత్తురు ఆగదు. చూడాల్సినవి వేరే: పదేపదే వాంతులు, పెరిగే తలనొప్పి, మాట తడబడటం, లేపితే లేవకపోవడం, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలాంటిది కారడం. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చెయ్యాలి.

ఇక ఎముకల సంగతి. ఒకే ఎత్తు నుంచి పడిన ఇద్దరు పిల్లల్లో ఒకడి ఎముకే ఎందుకు విరుగుతుందని అడిగితే, ఈ మెట్టలో నీళ్లను, తిండిని అడగాలి. దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు నల్గొండ పిల్లల కాళ్లు మోకాళ్ల దగ్గర లోపలికి వంగిపోవడాన్ని లాన్సెట్‌లో వివరించారు. అనంతపురం బోరునీళ్లలోనూ ఫ్లోరైడ్ పాత శత్రువు. 1995–96లో సత్యసాయి తాగునీటి పథకం ఈ జిల్లాలో 700కు పైగా ఊళ్లకు నీళ్లు ఇవ్వడానికి అదీ ఒక కారణం. ఫ్లోరైడ్ ఎక్కువైన ఎముక చూడటానికి గట్టిగా, చిక్కగా ఉంటుంది గానీ సుద్దముక్కలా పెళుసు. చైనాలో పెద్దవాళ్ల మీద చేసి 2001లో అచ్చేసిన అధ్యయనంలో లీటరుకు 4.3 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగేవాళ్లకు విరుపులు ఎక్కువయ్యాయి. మన ప్రమాణం ఒక మిల్లీగ్రాము, మరీ వేరే దారి లేకపోతే ఒకటిన్నర. పిల్లల మీద అదే లెక్క వేయడానికి లేదు, కానీ పెద్దయ్యాక విరిగే ఎముక పిల్లప్పుడు కట్టుకున్నదే.

ఎండకు కొదవలేని ఈ సీమలో డి విటమిన్ కరువు ఏమిటని నవ్వొచ్చు. తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో అచ్చేసిన పరిశీలనలో ఆరోగ్యంగా తిరుగుతున్నవాళ్లలోనే డి విటమిన్ లోటు, తిండిలో కాల్షియం తక్కువ అని తేలింది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. సంగటి తిన్న తరం తర్వాత కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, చేలల్లో కొర్ర, రాగి పోయి శనక్కాయ వచ్చింది. అది మంచికా చెడుకా అన్న తగువు పెద్దది, ఇక్కడ తేలేది కాదు. పిల్లవాడి మణికట్టు మటుకు ఆ తగువులో ఒక సాక్షి.

స్కేట్‌బోర్డు భయం గురించి మాట్లాడుతూ రోడ్డు గురించి మాట్లాడకపోతే అది దొంగమాటే. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో పద్దెనిమిదేళ్లలోపు వాళ్లు 9,528 మంది, అంటే రోజుకు 26 మంది. పిల్లవాడికి స్కేట్లు కొనివ్వనన్న తండ్రే పొద్దున బడికి స్కూటీ మీద ముగ్గుర్ని కూర్చోబెట్టుకుని సప్తగిరి సర్కిల్ దాటుతుంటాడు, ఒక్క తలకూ హెల్మెట్ ఉండదు. నాలుగేళ్లు దాటిన ప్రతివాడికీ హెల్మెట్ ఉండాలని చట్టం. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు కూడా హెల్మెట్, బెల్టు ఉండాలన్న నిబంధన 2023 ఫిబ్రవరిలో అమలులోకొచ్చింది. పదో తరగతి కుర్రాడి చేతికి బండి తాళాలిస్తే 2019 సవరణ ప్రకారం తండ్రికే జైలు, పాతికవేల జరిమానా. బోర్డు మీద పడినవాడు మణికట్టు పట్టుకుని ఇంటికొస్తాడు. 44వ నంబరు హైవే మీద పడినవాడి సంగతి మీకు తెలుసు.

అలాగని ఆట వద్దా? వద్దనే అధికారం నాకు లేదు, బేరింగు బండి ఎక్కినవాణ్ణి. మన లాంటి ఇంకో కరువుసీమ, బుందేల్‌ఖండ్. అక్కడ పన్నా జిల్లా జన్వార్ అనే పల్లెలో 2015లో జర్మన్ మహిళ ఉల్రికే రైన్‌హార్ట్ ఒక స్కేట్‌పార్కు కట్టించింది. రెండే నియమాలు పెట్టింది: బడికి పోకపోతే స్కేటింగ్ లేదు, ఆడపిల్లలకు మొదటి అవకాశం. ఆ ఊరి ఆదివాసీ అమ్మాయి ఆశా గోండ్ 2018లో చైనాలో ప్రపంచ పోటీలకు పోయింది. మనకు దగ్గరగా చూస్తే, బెంగళూరులో హోలీస్టోక్డ్ అనే స్కేట్‌బోర్డు బృందం కుర్రాళ్లు సొంత చేతులతో సిమెంటు గిన్నెలు పోసుకుని ఆడారు, ఇక్కడి నుంచి నాలుగు గంటల దారి. పల్లె పిల్లలకు ఖరీదైన ఆటలెందుకన్న మాట అనంతపురంలో ఎప్పుడో చెల్లిపోయింది: ఆర్డీటీ క్రీడాగ్రామంలో రఫెల్ నాదల్ పేరిట టెన్నిస్ బడి 2010 నుంచి నడుస్తోంది. స్కేట్‌పార్కు అంటే చివరికి ఏమిటి? బండ్లు రాని చోట నున్నగా పోసిన సిమెంటు, పక్కన కనిపెట్టుకుని ఉండే ఒక పెద్దమనిషి. నేల బాగుచేసినట్టూ అవుతుంది, మొదటి వారం గట్టెక్కినట్టూ అవుతుంది. సీసీ రోడ్లు పోసిన చేతులకు అది పెద్ద పని కాదు.

అమెరికాలో నూటికి 89 మంది మగపిల్లలే అన్న అంకె చూసి ఇక్కడి ఆడపిల్లలు జాగ్రత్తపరులనుకునేరు. మన దగ్గర పన్నెండేళ్లకే వీధిలో ఆట ఆగిపోతుంది కాబట్టి వాళ్లు లెక్కలోకే రారు.

మొన్న ఉగాదికి ఊరికి పోయినప్పుడు మా చిన్నాయన కొడుకు ఇంటి ముందు సీసీ రోడ్డు మీద వాని మనవరాలు ఎవరో ఇచ్చిన పాత స్కేట్లు తగిలించుకుని కూర్చుంది. తలకు ఏమీ లేదు, చేతులకు ఏమీ లేవు. వాడు ఆ విప్పుకోని చేత్తోనే వేపమండ పట్టుకుని రోడ్డు ఊడుస్తున్నాడు, గులకరాళ్లన్నీ కాలువలోకి. "ఇంగొంచెం ముందుకి, తాతా," అంటోంది ఆ పిల్ల, "మలుపు కాడ కూడా ఉన్నాయి."